పక్కనున్న ఖాళీ స్థలం, పాడుబడ్డ ఇల్లు: నెల్లూరు, ఒంగోలు వీధివాసులకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు వేదాయపాళెంలో మా వీధి చివర 25 అంకణాల ఖాళీ స్థలం ఒకటి ఉంది. కొన్నేళ్ల క్రితం అందులో చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) మనిషెత్తు పెరిగి, పాములు రోడ్డెక్కడం మొదలైనప్పుడు, మేము అయిదిళ్ల వాళ్లం చందా వేసుకుని జేసీబీని పిలిపించి ఒక్క పూటలో స్థలాన్ని చదును చేయించాము. మంచి పని చేశామనే అనుకున్నాము. వారం తిరగకముందే స్థలం యజమాని బంధువులను వెంటబెట్టుకుని వచ్చారు. తన స్థలాన్ని ఆక్రమించడానికి ప్రయత్నిస్తున్నామని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. మేము చెట్లతో పాటు ఆయన హద్దురాళ్లను కూడా పెకలించేశామని మాకు అప్పుడే తెలిసింది. క్షమాపణ చెప్పుకుని, సర్వేయరు ఖర్చు మేమే భరించి, రాళ్లు మళ్లీ పాతించాము.

ఈ వ్యాసంలోని క్రమం ఆ పొరపాటు నేర్పినదే. మన ఊళ్లలో ఖాళీ స్థలం ఏదైనా ఎవరో ఒకరి కష్టార్జితమో, తాతల ఆస్తో అయి ఉంటుంది. హైదరాబాదులోనో, చెన్నైలోనో, అమెరికాలోనో ఉన్న ఆ మనిషికి దోమల గురించి బెంగ లేకపోవచ్చు గాని, స్థలం చెయ్యిజారిపోతుందేమోనన్న భయం మాత్రం తప్పక ఉంటుంది. ఆ భయాన్ని ముందు తీర్చిన వీధికే పని జరుగుతుంది. కనుక చీపురు, గడ్డపార పట్టుకునే ముందు కాగితం పట్టుకోవాలి.

1. బయట నుంచే చూసి రాసుకోండి

స్థలంలోకి దిగకుండా, రోడ్డు మీద నిలబడే ఒక నోటు పుస్తకంలో వివరాలు రాయండి. నాలుగు దిక్కులా ఏముందో, అంటే దస్తావేజుల భాషలో చెక్కుబందీ, ముఖ్యంగా రాసుకోవాలి. పక్కిళ్ల డోర్ నంబర్లు, దగ్గరలోని కరెంటు స్తంభం నంబరు, స్థలం రోడ్డు మట్టానికి ఎన్ని అడుగుల పల్లంలో ఉందో కూడా చేర్చండి. ఒకే చోట నిలబడి, ఒకే వైపు నుంచి పదిహేను రోజులకొకసారి తేదీతో ఫోటో తీయండి. తరవాత అర్జీ పెట్టవలసి వస్తే ఈ ఫోటోల వరుసే మీకు పెద్ద సాక్ష్యం.

కొలతల దగ్గర ఒక జాగ్రత్త అవసరం. నెల్లూరులో స్థలాన్ని అంకణాల్లో చెబుతారు, ఇక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అదే మాటకు 36 చదరపు అడుగులని అర్థం. ఒంగోలు వైపు గజాలు, సెంట్లు వాడుక. సెంటు 435.6 చదరపు అడుగులు, అంటే 48.4 గజాలు. పాత దస్తావేజులో ఒక కొలత, పన్ను రికార్డులో మరొక కొలత ఉండి, రెండు వేరువేరు స్థలాలనుకుని నెలల తరబడి తిరిగినవారిని నేను చూశాను. కాబట్టి మీ పుస్తకంలో అన్నిటినీ చదరపు అడుగుల్లోకి మార్చి రాసుకోండి.

2. యజమాని ఎవరో తేల్చుకోండి

అన్నిటికన్నా ఓపిక కావలసిన మెట్టు ఇదే. ముందుగా వీధిలోని పెద్దవాళ్లను, పాత దుకాణదారును, ఆ లేఅవుట్‌లో స్థలాలు అమ్మిపెట్టిన మధ్యవర్తిని అడగండి. సగం స్థలాల సంగతి అక్కడే తేలిపోతుంది.

అలా తేలకపోతే లేఅవుట్ ప్లానులో ప్లాట్ నంబరు, సర్వే నంబరు చూడండి. ఆ రెండూ చేతిలో ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోగాని, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోగాని ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసుకోవచ్చు. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు కంప్యూటరులో దొరుకుతాయి, అంతకు ముందువాటికి ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఈసీలో రాసిచ్చినవారి పేరు, రాయించుకున్నవారి పేరు, దస్తావేజు నంబరు, సంవత్సరం ఉంటాయి గాని చిరునామా ఉండదు. చిరునామా కోసం ఆ దస్తావేజు నంబరుతో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేయాలి. ఈ పనులు తెలిసిన దస్తావేజు లేఖరి ఒకరు తోడుంటే తిరుగుడు తగ్గుతుంది.

రెండో దారి పన్ను రికార్డు. ఖాళీ స్థలానికి కూడా కార్పొరేషన్ పన్ను వేస్తుంది. ఆ స్థలానికి అసెస్‌మెంట్ ఉందా, పన్ను బకాయి ఎంత అనేది వార్డు సచివాలయంలోగాని రెవెన్యూ విభాగంలోగాని అడగండి. చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అర్జీ ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే ఆ అర్జీలో ప్రశ్న ఎలా అడుగుతున్నామన్నది చాలా ముఖ్యం. యజమాని ఫోన్ నంబరు ఇవ్వమంటే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. “ఫలానా చెక్కుబందీ గల స్థలానికి ఖాళీ స్థలం పన్ను విధించారా, శుభ్రం చేయమని నోటీసు ఇచ్చారా, ఇస్తే ఏ తేదీన, తరవాత ఏ చర్య తీసుకున్నారు” అని అడిగితే తిరస్కరించడానికి చోటుండదు.

ఒక్కొక్కసారి ఆ స్థలం ప్రైవేటుదే కాకపోవచ్చు. లేఅవుట్ వేసినప్పుడు పార్కు కోసం వదిలి, గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించిన కామన్ సైట్లు ఊరి చుట్టూ చాలా ఉన్నాయి. దేవాదాయ శాఖవి, వక్ఫ్‌వి, ప్రభుత్వానివి కూడా ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉన్న నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. కామన్ సైటే అయితే సంతోషించండి, యజమాని కార్పొరేషనే కనుక అక్కడ పార్కు కోరడం మీ హక్కు.

3. ఉత్తరం రాయండి, మాట మెత్తగా ఉండనివ్వండి

మొదటి ఉత్తరంలో చట్టం పేరు ఎత్తకూడదు. “అయ్యా, మేము మీ స్థలం పక్కన నివసిస్తున్నవాళ్లము. మీ స్థలంలో చెట్లు పెరిగి, బయటివాళ్లు చెత్త వేస్తున్నారు. ఫోటోలు జతచేశాము. మీరు శుభ్రం చేయించినా సరే, మీ రాతపూర్వక అనుమతితో మమ్మల్ని చేయమన్నా సరే. స్థలం మీద మాకు ఏ హక్కూ లేదని, ఉండబోదని ఇందుమూలముగా తెలియజేస్తున్నాము” అన్న నాలుగు ముక్కలు చాలు. కింద కనీసం అయిదుగురు ఇంటి పేర్లతో, డోర్ నంబర్లతో సంతకాలు చేయాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఫోన్ దొరికితే వీధిలో వయసులో పెద్దవారి చేత మాట్లాడించండి. మా వీధిలో మరో స్థలం యజమానురాలు చెన్నైలో ఉండే పెద్దావిడ. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు “మా స్థలంలో చెయ్యి పెట్టడానికి మీరెవరు?” అని గట్టిగానే అడిగారు. మా పక్కింటి మాస్టారు “అమ్మా, మీ రాళ్లు నాలుగూ ఉన్నాయి, ఈశాన్యం రాయి మాత్రం కాస్త వాలింది, ఫోటో పంపిస్తాను చూడండి” అన్నారు. ఆ తరవాత ఆమె మాట తీరే మారిపోయింది. తన ఆస్తిని ఎవరో కాపాడుతున్నారన్న నమ్మకం ఆ ఒక్క రాయి గురించి చెప్పిన మాటతో కలిగింది.

4. అనుమతి పత్రం రాసుకోండి

12 ఏళ్లు ఎవరైనా బహిరంగంగా, యజమాని హక్కును కాదంటూ స్థలాన్ని అనుభవిస్తే 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం యజమాని దావా హక్కు పోతుందన్న సంగతి స్థలాలున్నవారందరికీ తెలుసు, అందుకే భయపడతారు. యజమాని అనుమతితో ఉన్నవారి స్వాధీనం ఎన్నేళ్లయినా అలాంటి అనుభవం కిందికి రాదన్న రెండో సగం మాత్రం చాలామందికి తెలియదు. అనుమతి పత్రం ఉండడం మీకన్నా యజమానికే ఎక్కువ రక్షణ అని ఆయనకు విడమరిచి చెప్పండి.

పత్రాన్ని స్టాంపు కాగితం మీద 11 నెలలకు రాయించి నోటరీ చేయించండి. సర్వే నంబరు, చెక్కుబందీ, కొలతలు, ఏ పనికి అనుమతో స్పష్టంగా ఉండాలి. అద్దె లేదని, యజమాని 30 రోజుల ముందు చెబితే ఖాళీ చేస్తామని రాయాలి. పక్కా కట్టడం, బోరు, మా పేర కరెంటు మీటరు ఉండవని కూడా చేర్చాలి. చెట్లు నాటబోమని రాయడం ఆశ్చర్యంగా తోచవచ్చు గాని, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి గనుక, రేపు ఇల్లు కట్టుకునే యజమానికి మనం నాటిన వేపచెట్టే అడ్డంకి అవుతుంది. ఆకుకూరలు, బెండ, వంగ, పూలమొక్కలు చాలు. దేవుడి పటం గాని, విగ్రహం గాని, నాయకుల జెండా గాని పెట్టబోమన్నది పత్రంలో తప్పక ఉండవలసిన మాట. చెట్టు కింద పసుపు పూసిన రాయి ఒకటి వెలిస్తే ఆ స్థలం మళ్లీ యజమాని చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేము.

5. శుభ్రం చేసే పని

పని సెప్టెంబరు నాటికి ముగియాలి. మన జిల్లాలో ఏటా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే, ఈశాన్య రుతుపవనాల్లో కురుస్తుంది. నవంబరులో వాయుగుండం పట్టాక జేసీబీ దిగబడుతుందే తప్ప పని జరగదు.

మొదట హద్దురాళ్ల పక్కన ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతండి. తరవాతే యంత్రం లోపలికి రావాలి. చిల్లచెట్టును నేల మట్టానికి కొడితే రెండు నెలల్లో ఒక మొద్దు నుంచి పది కొమ్మలు వస్తాయి, ఎందుకంటే దాని మొలక కళ్లు నేల లోపల, వేరు మొదలు దగ్గర ఉంటాయి. జానెడు లోతు తవ్వి ఆ మొదలును పెళ్లగించాలి. వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగులు వేసుకుని వేరుతో పీకాలి. దానివల్ల ఒంటికి దద్దుర్లు, కొందరికి ఆయాసం వస్తాయి కనుక ఉబ్బసం ఉన్నవారిని ఈ పనికి పెట్టకండి. ప్లాస్టిక్ కలిసిన చెత్తకు నిప్పు పెట్టవద్దు. వార్డు శానిటేషన్ సెక్రటరీకి ముందురోజే చెబితే కార్పొరేషన్ ట్రాక్టరు వచ్చే ఏర్పాటు చేస్తారు.

పని మొదలుపెట్టే ముందు పొడుగాటి కర్రతో నేలను తట్టుతూ నడవండి. నాగుపాము, రక్తపింజర, కట్లపాము మూడూ మన దగ్గర ఉన్నవే. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం చేయకుండా, కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

6. నీటి సంగతి

నిరుడు కార్తీకమాసంలో మేము ఒక స్థలం శుభ్రం చేస్తున్నప్పుడు మట్టిగుంటలోని మురికినీటి మీద ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు) వేసి ఇక దోమలుండవనుకున్నాము. గోడ వారగా పడి ఉన్న కొబ్బరి బోండాం చిప్పను మా అబ్బాయి కాలితో కదిలించాడు. అందులో అరగ్లాసు వాననీళ్లు, అద్దంలా తేటగా ఉన్నాయి. కదిలించగానే ఇరవై ముప్పై సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. కాసేపటికి ఒక్కొక్కటే పైకి వచ్చి, తల కిందికి, తోక నీటి పైకి పెట్టి వేలాడాయి. డెంగీని మోసే ఏడిస్ దోమ పిల్లలు అవే.

ఈ తేడా తెలియకే చాలా వీధుల్లో శ్రమ వృథా అవుతుంది. మురికి గుంటలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. అది బోదకాలును మోస్తుంది, రాత్రి కుడుతుంది. పగలు కుట్టే ఏడిస్‌కు తేటనీళ్లు కావాలి. కొబ్బరి చిప్ప, పాత టైరు, విరిగిన కమోడు, పెయింటు డబ్బా, ప్లాస్టిక్ గ్లాసు దానికి చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి వాటిని బోర్లిస్తే వరుస తెగిపోతుంది. ఆరిన డబ్బా గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి నీళ్లు పారబోసి ఊరుకోకుండా, ఉంచుకునే పాత్రలను పీచుతో గట్టిగా తోమాలి. పాడుబడ్డ బావి ఉంటే మలేరియా విభాగాన్ని అడిగి దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వదిలించండి.

ఇక పల్లం. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరగడంతో పాత ప్లాట్లు గుంటలయ్యాయి. మట్టి తోలించాలంటే లెక్క సులువే. 25 అంకణాల స్థలం 1800 చదరపు అడుగులు, అడుగు మేర లేపడానికి 1800 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రాక్టరు తొట్టికి సుమారు 100 ఘనపుటడుగులు పడుతుంది, అణిగిపోయేది కలుపుకుని 22 ట్రిప్పులు అనుకోవచ్చు. ఈ ఖర్చు యజమానిదే కావాలి. పాత ఇళ్లు కూల్చిన ఇటుక ముక్కలు, చెత్త కలిసిన మట్టి ఉచితంగా తోలుతామంటే ఒప్పుకోవద్దు. ఒక స్థలాన్ని లేపితే ఆ నీళ్లు పక్క స్థలానికి పోతాయి కనుక, ముందు డ్రైను మట్టం చూసి, నీరు అటే పోయేలా వాలు పెట్టించండి.

7. పాడుబడ్డ ఇల్లయితే

మూలాపేట, సంతపేట, రంగనాయకులపేట వంటి పాత పేటల్లో తాళం వేసి వదిలేసిన మిద్దెలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు మద్రాసు మిద్దెలు. టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నంతో పోసిన కప్పు అది. గోడలోకి దూరిన దూలం కొసకు నీరు తగిలి, చెద పట్టి, లోపలే పొడి అయిపోతుంది. కింద నుంచి చూస్తే దూలం గట్టిగానే కనిపిస్తుంది. వాన నీటిని పీల్చుకుని కప్పు బరువెక్కిన రోజున ఒక్కసారిగా కూలుతుంది. గోడ పగుల్లో మొలిచిన రావిమొక్క వేరు లావెక్కి ఇటుకలను విడదీస్తుంది. ఆ మొక్కను పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది, పట్టి లాగితే గోడే ఊడివస్తుంది. తాపీ మేస్త్రీ చేతనే తీయించాలి.

ఇలాంటి ఇంట్లోకి ఎవరూ అడుగుపెట్టకూడదు, పిల్లలకు పదేపదే చెప్పాలి. బయట నుంచి చూడవలసినవి గోడ పొట్టలా ఉబ్బడం, గుమ్మం పైన ఏటవాలు బీట, బాల్కనీ కింద బయటపడ్డ ఇనుము, కప్పులేని నుయ్యి. వీధి వైపు గోడకు బీట ఉంటే, సచివాలయ సిబ్బంది సమక్షంలో దాని మీద అడ్డంగా సన్నటి గాజుపలకను రెండు కొసల సిమెంటుతో అతికించి తేదీ రాయించండి. నెల తిరగకముందే గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతోందన్న మాట. ఆ పగిలిన గాజు ఫోటో పది అర్జీల పెట్టు. పాత సర్వీసు వైరు వేలాడుతుంటే 1912కు ఫోన్ చేసి లైను తీయించండి.

కూలబోయే కట్టడాన్ని బాగుచేయమనో, కూల్చమనో యజమానికి నోటీసు ఇచ్చే అధికారం మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 456వ సెక్షన్ కింద కమిషనరుకు ఉంది. నెల్లూరు, ఒంగోలు రెండూ కార్పొరేషన్లే. కావలి వంటి పురపాలక సంఘాలకు 1965 నాటి మున్సిపాలిటీల చట్టం వర్తిస్తుంది. అన్నదమ్ముల వాటాల తగాదా కోర్టులో ఉందన్న జవాబు తరచు వస్తుంది. కోర్టు స్టే ఏదైనా ఉందా, ఉంటే అది దేని మీద అని రాతపూర్వకంగా అడగండి. వాటాల దావా నడుస్తున్నంత మాత్రాన రోడ్డు మీద కూలబోయే గోడకు ఆసరా పెట్టకూడదన్న నియమం లేదు.

8. యజమాని పలకకపోతే

రెండు ఉత్తరాలకు, అంటే దాదాపు రెండు నెలలకు, జవాబు లేకపోతే అప్పుడు అర్జీ దారి పట్టండి. మొదట వార్డు సచివాలయంలో ఇచ్చి నంబరు తీసుకోవాలి. తరవాత కమిషనరుకు, ఆ పైన సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వాలి. ప్రతి అర్జీలోనూ ముందు అర్జీ నంబరు, తేదీ రాయండి. ఒక కాగితంలో ఒకే స్థలం, ఒకే కోరిక ఉండాలి. డ్రైనూ, వీధిదీపమూ, కుక్కలూ అందులోనే కలిపితే ఏ విభాగమూ తనదనుకోదు.

అక్కడా కదలిక లేనప్పుడు ఆర్డీవో దగ్గరకు వెళ్లవచ్చని చాలామందికి తెలియదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ సెక్షన్, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షన్ స్థానంలో వచ్చింది. ప్రజలకు ఇబ్బంది కలిగించే దాన్ని తొలగించమని, కూలబోయే కట్టడాన్ని గాని చెట్టును గాని సరిచేయమని, దారి పక్కనున్న బావికి కంచె వేయమని ఆర్డీవో షరతులతో కూడిన ఉత్తర్వు ఇవ్వగలరు. యజమాని ఆ పని చేయాలి, లేదా హాజరై కారణం చెప్పుకోవాలి. స్థలం కార్పొరేషన్‌దే అయి, నిధులు లేవని జవాబు వస్తే, 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పును అర్జీలో ప్రస్తావించండి. మురుగు కాలువల విషయంలో డబ్బు లేదన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు ఆ తీర్పులో స్పష్టం చేసింది.

9. బాగుపడ్డాక నిలబెట్టుకోవడం

శుభ్రం చేసిన స్థలాన్ని ఊరికే వదిలేస్తే నెలలోనే మళ్లీ చెత్త పడుతుంది. రోడ్డు వైపు ముళ్లకంచె, మనిషి దూరే చిన్న గేటు, రాత్రి వెలిగే ఒక దీపం ఉంటే చెత్త వేసే చేయి వెనకాడుతుంది. మేము బాగుచేసిన స్థలంలో సగం షటిల్ కోర్టు, సగం ఆకుకూర మడులు. చెత్త కలిసిన నేలను నమ్మక, మడులను బయటి నుంచి తెచ్చిన మట్టితో అడుగు ఎత్తున కట్టుకున్నాము. గేటు తాళం చెవులు రెండు ఇళ్లలో ఉంటాయి, యజమాని పేరుతో రాసిన బోర్డు గేటుకే ఉంటుంది.

పదో నెలలో పత్రం తిరగరాయించే పని గుర్తుపెట్టుకునే బాధ్యత ఒకరికి అప్పగించండి. యజమాని ఇల్లు కట్టుకుంటానన్న రోజున షటిల్ కోర్టు స్తంభాలు, కంచె విప్పి, నాలుగు హద్దురాళ్లూ ఆయనకు దగ్గరుండి చూపించి, ఫోటోల కవరూ తాళం చెవులూ ఆయన చేతికిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.